దయ్యాలు లేని భయం సినిమాలు



భయం సినిమా అనగానే మనకు తెల్లచీర, గజ్జెల చప్పుడు, పాడుబడ్డ బంగళా గుర్తుకొస్తాయి. కానీ దయ్యం లేకుండానే భయపెట్టే సినిమాలు కూడా ఉన్నాయి. వాటిని సైన్స్ ఫిక్షన్ హారర్ సినిమాలు అంటారు. సైన్సులో ఉన్న ఒక సంగతి తీసుకుని, అది ఇంకా ముందుకు పోతే ఏమవుతుందో ఊహించి అల్లిన భయం కథలు అన్నమాట. దయ్యం ఎందుకొచ్చింది అని అడిగితే శాపం అంటారు, పగ అంటారు, అంతటితో సరి. ఈ కథల్లో మాత్రం భయానికి ఒక కారణం ఉంటుంది. మనం దాన్ని వెతికి పట్టుకోవచ్చు.

హాలోవీన్ అంటే ఏమిటి?

ఇలాంటి సినిమాలు ఎక్కువగా చూసే రోజు హాలోవీన్. అది అక్టోబర్ 31 రాత్రి. పాతకాలంలో ఐర్లండ్, స్కాట్లండ్ వైపు పంటకోతలు అయిపోయి చలికాలం మొదలయ్యేటప్పుడు ఒక పండుగ చేసేవారు. ఆ రాత్రి చనిపోయినవాళ్లు తిరిగి వస్తారని నమ్మేవారు. అక్కడినుంచి వలసపోయినవాళ్లతో పండుగ అమెరికా చేరింది. ఇప్పుడు పిల్లలు భూతాల వేషాలు కట్టి ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. గుమ్మడికాయకు కళ్లు, నోరు చెక్కి లోపల దీపం పెడతారు. పంట చేతికొచ్చినప్పుడు పెద్దల్ని తలుచుకోవడం మనకీ ఉంది. కొత్తల పండుగలో ముందు పెద్దలకే పెడతాం కదా.

ఇప్పుడు మూడు సినిమాల గురించి చెబుతాను.

1. ఫ్రాంకెన్‌స్టైన్ (1931)

ఈ కథ రాసింది మేరీ షెల్లీ. మొదలుపెట్టినప్పుడు ఆమె వయసు 18 ఏళ్లే! 1815లో ఇండోనేషియాలో తంబోరా అనే అగ్నిపర్వతం పేలింది. ఆకాశంలో చేరిన పొగ, ధూళి వల్ల 1816లో యూరప్‌లో ఎండాకాలమే సరిగ్గా రాలేదు. అప్పుడు మేరీ స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు దగ్గర ఉంది. వానకి బయటికి పోలేక ఇంట్లో కూర్చున్నప్పుడు, తలా ఒక దయ్యం కథ రాద్దామని కవి బైరన్ అన్నాడు. మేరీ దయ్యం కథకి బదులు సైన్సు కథ రాసింది. చచ్చిన కప్ప కాళ్లు కరెంటు తగిలితే కదులుతాయని ఇటలీలో గాల్వానీ అనే ఆయన అంతకుముందే చూపించాడు. ఆ రోజుల్లో అందరూ దాని గురించే మాట్లాడుకునేవారు. మేరీ పుస్తకం 1818లో వచ్చింది.

సినిమాలో ఫ్రాంకెన్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞుడు శవాల ముక్కలు కుట్టి, మెరుపుల శక్తితో ఒక మనిషికి ప్రాణం పోస్తాడు. చాలామంది ఆ వికారమైన మనిషి పేరే ఫ్రాంకెన్‌స్టైన్ అనుకుంటారు. అది తయారుచేసినవాడి పేరు. తయారైనవాడికి పేరే పెట్టలేదు. పేరు లేదు, మాట నేర్పినవాళ్లు లేరు. గొలుసులతో కట్టేశారు, కాగడా చూపించి బెదిరించారు.

ఒకచోట చిన్నపాప మరియా అతన్ని చూసి భయపడదు. చేతికి పువ్వులిస్తుంది. ఇద్దరూ ఒక్కో పువ్వూ సరస్సులోకి విసిరితే పడవల్లా తేలుతుంటాయి. పువ్వులు అయిపోయాక, పాప కూడా తేలుతుందనుకుని ఆమెను నీళ్లలోకి విసిరేస్తాడు. పాప చనిపోతుంది. అతనికి కోపం లేదు, తెలియదు అంతే. తర్వాత ఊరివాళ్లు కాగడాలు పట్టుకుని అతన్ని తరిమి, అతను ఉన్న గాలిమరను తగలబెడతారు. వాడిని చేసి వదిలేసింది ఎవరని ఆ గుంపులో ఒక్కరూ అడగరు. నాకు భూతం కంటే ఆ గుంపే ఎక్కువ భయం వేసింది.

2. గాడ్జిల్లా (1954)

జపాన్ సినిమా. అక్కడ దీన్ని గొజీరా అంటారు. 1945లో హిరోషిమా, నాగసాకి పట్టణాల మీద అణుబాంబులు పడ్డాయి. 1954 మార్చి 1న అమెరికా పసిఫిక్ సముద్రంలో బికినీ దీవి దగ్గర హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. ఆ బూడిద 23 మంది ఉన్న ఒక జపాన్ చేపల పడవ మీద పడి అందరికీ జబ్బు చేసింది. ఒకరు ఆ ఏడాదే చనిపోయారు. అదే ఏడాది నవంబర్‌లో ఈ సినిమా వచ్చింది. బాంబు పరీక్షల వల్ల సముద్రం అడుగున ఉన్న పెద్ద జంతువు లేచి టోక్యో మీద పడుతుంది. చివరికి ఒక శాస్త్రజ్ఞుడు తాను కనిపెట్టిన కొత్త ఆయుధంతో దాన్ని చంపుతాడు. ఆ రహస్యం ఇంకెవరికీ దొరకకూడదని తానూ నీళ్లలోనే ప్రాణం వదిలేస్తాడు.

3. ఏలియన్ (1979)

ఇది పెద్దవాళ్ల సినిమా, రక్తం ఎక్కువ. నేను చూడలేదు, మా సైన్స్ టీచర్ కథ చెప్పారు. ఒక అంతరిక్ష ఓడలో ఏడుగురు సిబ్బంది, ఒక పిల్లి ఉంటారు. వేరే గోళం మీద ఒకతని ముఖానికి ఏదో జీవి అంటుకుంటుంది. రిప్లీ అనే ఆమె, క్వారంటైన్ నియమం ఉంది, లోపలికి రానివ్వను అంటుంది. ఇంకొకడు తలుపు తీసేస్తాడు. ఎందుకంటే మనుషులు పోయినా సరే ఆ జీవిని తెమ్మని కంపెనీ అతనికి రహస్యంగా చెప్పింది. చివరికి రిప్లీ, పిల్లి మాత్రమే మిగులుతారు.

ఆ జీవి మనిషి లోపల పెరిగి బయటికొస్తుంది. ఇది వట్టి ఊహ అనుకోకండి. మట్టిగూడు కట్టే కందిరీగను చూశారా? అది పచ్చపురుగును కుట్టి గూట్లో పెడుతుంది, అక్కడే గుడ్డు కూడా పెడుతుంది. పిల్ల ఆ పురుగును తింటూ పెరుగుతుంది. పురుగు ఒంట్లోనే గుడ్డు పెట్టే రకాలు కూడా ఉన్నాయి.

మీకు తెలుసా?

* ఫ్రాంకెన్‌స్టైన్ సినిమా మొదట్లో వేసిన పేర్లలో భూతం వేషం కట్టిన నటుడి పేరు దగ్గర '?' గుర్తు పెట్టారు. ఆయన బోరిస్ కార్లాఫ్.
* గాడ్జిల్లా అంటే రబ్బరు తొడుగులో ఉన్న మనిషే. బొమ్మ ఇళ్లు కట్టి వాటిమీద నడిపించారు.
* అంతరిక్షంలో గాలి లేదు కాబట్టి అరిచినా వినపడదు. మన ధ్వని పాఠంలో ఉంది చూడండి.

మనకు ఏం సంబంధం?

ఈ మూడింటిలోనూ భయానికి కారణం ఉంది. చేసినదాన్ని చూసుకోకపోవడం, బాంబు, అత్యాశ. మన ఏజెన్సీలో జ్వరం వచ్చినా, ఎవరైనా హఠాత్తుగా చనిపోయినా చిల్లంగి పెట్టారు అంటారు. ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన సంగతులు జరిగాయి. ఎక్కువగా దిక్కులేని ముసలివాళ్ల మీదే వేలు చూపిస్తారు. అది కాగడాల గుంపు పనే. రక్తపరీక్ష చేయిస్తే మలేరియానా కాదా తెలిసిపోతుంది. మలేరియాను మోసేది అనాఫిలిస్ ఆడదోమ, పక్కింటి అవ్వ కాదు. భయం వేసినప్పుడు కారణాన్ని వెతకాలి, మనిషిని వెతకకూడదు. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఈ మాట చెప్పగలిగేది మనమే. మన ఇళ్లలో మొదట చదువుకున్నది మనమే కదా.

వార్డెన్ మేడమ్ గారికి మనవి: అక్టోబర్ 31న ఫ్రాంకెన్‌స్టైన్ చూపించండి. గంటా పది నిమిషాలే. చిన్న తరగతుల చెల్లెళ్లను మధ్యలో కూర్చోబెట్టుకుంటాం, లైట్లు ఆర్పం.

ఆలోచించండి: మరియా చావుకి కారణం ఎవరు? మీ జవాబు రాసి ఈ గోడపత్రిక కింద అంటించండి.

— 9వ తరగతి విద్యార్థిని