ఒకే ఉత్తరాల పెట్టె - ఎన్నో చిరునామాలు

కొత్తగా డిగ్రీలో చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ-మెయిల్ అనగానే దరఖాస్తు ఫారంలో నింపవలసిన ఒక గడి మాత్రమే గుర్తుకు వస్తుంది. ఆ గడి నింపిన తరువాత మన చిరునామా ఎవరెవరి చేతుల్లోకి వెళుతుందో ఆలోచించం. నెల తిరగకముందే లాటరీ తగిలిందనీ, అప్పు ఇస్తామనీ, ఇంట్లో కూర్చునే వేలు సంపాదించవచ్చనీ ఉత్తరాలు వచ్చి పడతాయి. వాటి మధ్య ఇంటర్వ్యూ కబురు వస్తే కంటికి ఆనదు. పేదింటి బిడ్డకు ఒక ఇంటర్వ్యూ తప్పిపోవడం చిన్న నష్టం కాదు. ఈ బెడదను పైసా ఖర్చు లేకుండా తగ్గించుకునే ఉపాయం ఒకటి ఉంది. దానిని మీకు తెలియజేయడమే మా ఉద్దేశం.

స్పామ్ అంటే ఏమిటి?

మనం అడగకుండానే ఒకేసారి ఎందరికో పంపే ఉత్తరాలను స్పామ్ అంటారు. 1971లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికన్ ఇంజనీరు నెట్‌వర్క్ మీద ఒక కంప్యూటర్ నుండి మరొక కంప్యూటర్‌కు సందేశం పంపుతూ, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య @ గుర్తును పెట్టాడు. ఏడేళ్లు గడిచేసరికి, 1978 మే 3న, గ్యారీ థ్యుర్క్ అనే మార్కెటింగ్ ఉద్యోగి తమ కంపెనీ కంప్యూటర్ల ప్రకటనను దాదాపు 400 మందికి ఒక్కసారే పంపాడు. మొదటి స్పామ్ అదేనని చెబుతారు.

ఆ పేరు మాత్రం తరువాత వచ్చింది. స్పామ్ అనేది డబ్బాలో అమ్మే ఒక మాంసం పేరు. 1970లో బ్రిటిష్ టీవీలో మాంటీ పైథాన్ బృందం వేసిన హాస్య నాటికలో, హోటల్లో దాదాపు ఏ వంటకం చూసినా ఆ మాంసమే ఉంటుంది. ఆ మాటే పదేపదే వినిపించి మిగతా మాటలను ముంచేస్తుంది. అనవసరపు ఉత్తరాలు చేసే పని కూడా అదే కదా!

చిరునామాలో ఉన్న వెసులుబాటు

ఈ-మెయిల్ చిరునామాలో @ తరువాతి భాగం ఏ సంస్థకు చేరాలో చెబుతుంది. @ ముందున్న భాగాన్ని ఎలా చదువుకోవాలో నిర్ణయించేది ఉత్తరం అందుకునే ఆ సంస్థే. ఈ వెసులుబాటు నుండి రెండు ఉపాయాలు పుట్టాయి.

మొదటిది ప్లస్ గుర్తు. ఉదాహరణకు మీ చిరునామా 'మనపేరు@జీమెయిల్.కామ్' అనుకుందాం. (టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాలలోనే.) ఉద్యోగాల సైటులో 'మనపేరు+ఉద్యోగం27@జీమెయిల్.కామ్' అని ఇవ్వండి. పుస్తకాల దుకాణానికి 'మనపేరు+పుస్తకం58' అని ఇవ్వండి. రెండూ మీ పెట్టెలోకే వస్తాయి. కొత్తగా ఖాతా తెరవనక్కరలేదు. ఔట్‌లుక్‌లో కూడా ఇది పనిచేస్తుంది. మన హాస్టల్ చిరునామా మీద 'రెండో గది' అని రాసినా రాయకపోయినా ఉత్తరం వార్డెన్ గారి టేబుల్ మీదికే వస్తుంది. కానీ కవరు మీద రాసిన ఆ మాట చెరిగిపోదు. ఇదీ అంతే.

రెండవది చుక్క. జీమెయిల్ పేరు మధ్యలోని చుక్కలను లెక్కచేయదు. 8 అక్షరాల పేరులో 7 సందులుంటాయి. ఒక్కొక్క సందులో చుక్క పెట్టవచ్చు, మానవచ్చు. అంటే ఒకే పేరును 128 రకాలుగా రాయవచ్చు! ప్లస్ గుర్తును ఒప్పుకోని సైట్లలో ఇది అక్కరకొస్తుంది. అయితే కాలేజీ, ఆఫీసు సొంత పేరు మీద నడిచే ఖాతాలలో చుక్కలు లెక్కలోకి వస్తాయి. అక్కడ ఈ ఉపాయం పారదు.

జాడ ఎలా తెలుస్తుంది?

ఉద్యోగాల సైటుకు మాత్రమే ఇచ్చిన చిరునామాకు ఎవరో అప్పుల వ్యాపారి ఉత్తరం వచ్చిందనుకోండి. 'టు' అన్నచోట 'ఉద్యోగం27' అని ఉంటే, మన చిరునామా బయటపడిన దారి అదేనని తెలుస్తుంది. అమ్ముకున్నారా, దొంగలు ఎత్తుకుపోయారా అన్నది దానివల్ల తేలదు. ఎవరినీ తొందరపడి నిందించకూడదు. తోకలో అంకెలు కలపమన్నది కూడా ఇందుకే. ఉత్త మాటైతే ఎవరైనా ఊహించి రాయగలరు.

ఇంకొక లాభముంది. బ్యాంకు పేరుతో వచ్చిన ఉత్తరం పుస్తకాల దుకాణానికి ఇచ్చిన చిరునామాకు వస్తే, అది బ్యాంకు పంపినది కాదని వెంటనే గ్రహించవచ్చు. సరైన చిరునామాకు వచ్చినంత మాత్రాన నిజమైనదని మాత్రం నమ్మరాదు.

జల్లెడ పట్టడం

జీమెయిల్‌ను ఫోన్ యాప్‌లో కాక కంప్యూటర్‌లో తెరవండి. పైన వెతికే గడి చివరి గుర్తును నొక్కి, 'టు' దగ్గర తోకతో కూడిన చిరునామా రాసి, 'క్రియేట్ ఫిల్టర్' నొక్కండి. ఆ ఉత్తరాలను చెరిపేయమనవచ్చు, వేరే లేబుల్ కిందికి పంపమనవచ్చు. ఉద్యోగాల చిరునామాకైతే 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' అన్నది ఎంచుకోండి. ఇంటర్వ్యూ కబురు చెత్తబుట్టలో పడకుండా ఉంటుంది. ఆ చిరునామా బయటపడి చెత్త మొదలైతే, తోక మార్చి సైటులో కొత్తది ఇచ్చి, అది సరిగా అందుతోందని చూసుకున్నాకే పాతదానిని మూసేయండి.

గుర్తుంచుకోవలసినవి

1. ఏ తోకతో నమోదయ్యారో లాగిన్‌కు కూడా అదే కావాలి. ఒక నోటుబుక్కులో రాసుకోండి. పాస్‌వర్డ్ మాత్రం పక్కన రాయకండి.

2. తెలివైన స్పామర్లు ప్లస్ నుండి ఉన్న భాగాన్ని కత్తిరించి పంపగలరు. ఇది జల్లెడే గానీ కోటగోడ కాదు.

3. స్కాలర్‌షిప్, సర్వీస్ కమిషన్, యూనివర్సిటీ దరఖాస్తులలో తోకలేని అసలు చిరునామానే ఇవ్వండి. అక్కడ ప్రయోగాలు వద్దు.

4. నెట్ సెంటర్ వారి ఈ-మెయిల్‌తో దరఖాస్తు నింపించుకోవద్దు. రేపు పాస్‌వర్డ్ మరిచిపోతే మన భవిష్యత్తు తాళంచెవి వారి పెట్టెలో ఉంటుంది.

5. ఉద్యోగం ఇస్తాం, ముందు డబ్బు కట్టమన్న ఉత్తరం ఏ చిరునామాకు వచ్చినా నమ్మకండి. మోసపోతే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయండి. కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి మోసగిస్తే, 2000 నాటి ఐటీ చట్టంలోని 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

మన ఇళ్లలో చాలామందికి ఇటువంటివి చెప్పేవారు లేరు. కూలికి వెళ్లి పంపిన డబ్బును రిజిస్ట్రేషన్ ఫీజు పేరుతో ఎవరో కాజేస్తే ఆ బాధ మన ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిదీ. కాబట్టి ముందు తెలుసుకున్నవారు వెనకవారికి చెప్పాలి. సీనియర్లు ఆదివారం ఒక గంట కేటాయించి, ఒక్కొక్క జూనియర్ చేత సొంత ఈ-మెయిల్ తెరిపించి, ఒక ఫిల్టర్ పెట్టించండి. తెలిసిన విద్యను పంచుకోవడమే హాస్టల్ చదువు మనకు నేర్పిన మంచి అలవాటు.