విల్లు విరగకుండా ఊరు దాటాలంటే: రూ. వేల కేసు అక్కర్లేదు, డ్రైనేజీ పైపు చాలు

మీ అబ్బాయో అమ్మాయో ఆర్చరీ నేర్చుకుంటున్నారా? పక్క జిల్లాలో సెలక్షన్స్ ఉన్నాయా? లేదంటే విల్లును రిపేరు కోసం వేరే ఊరికి పార్సిల్ చేయాలా? అప్పుడు ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే. ఇంత పొడుగు వస్తువును దెబ్బ తగలకుండా ఎలా పంపాలి?

హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 3 స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ, పారిస్ ఒలింపిక్స్‌లో ఆడిన బొమ్మదేవర ధీరజ్... ఇద్దరిదీ విజయవాడే. వాళ్లను చూసి విల్లు పట్టే పిల్లలు పెరుగుతున్నారు. కానీ చాలామంది మొదలుపెట్టేది వెదురు విల్లుతో, లేదా తక్కువ ధర చెక్క విల్లుతో. అలాంటి విల్లు కోసం దానికంటే ఖరీదైన హార్డ్ కేసు కొనడం చాలా ఇళ్లలో కుదరని పని.

దీనికి హార్డ్‌వేర్ షాపులో దొరికే పీవీసీ పైపు, రెండు మూతలు, కాస్త స్పాంజి సరిపోతాయి. అయితే పైపు ఎంత గట్టిదైనా రెండు విషయాలు మరిచిపోతే ఉపయోగం ఉండదు. ఒకటి, లోపల విల్లు కదలకూడదు. రెండు, ఆ పైపు పొడవును కౌంటర్లో తీసుకోవాలి. అందుకే పైపు కోసే ముందే కొలవాలి, అడగాలి.

మీ విల్లు పైపులో పడుతుందా?

అన్ని విల్లులకూ పైపు పనికిరాదు.

- ఒకే ముక్కగా ఉండే వెదురు విల్లు, లాంగ్‌బో: తాడు తీసేస్తే దాదాపు నిటారుగా ఉంటాయి. పైపుకు బాగా సరిపోయేవి ఇవే.
- విడదీసే రికర్వ్: రైజర్ (చేత్తో పట్టుకునే మధ్య భాగం), రెండు లింబ్‌లు (పైన, కింద వంగే భాగాలు) విడివిడిగా వస్తాయి. లింబ్‌లను పొట్టి పైపులో పెట్టొచ్చు. రైజర్ వెడల్పు ఎక్కువ కాబట్టి బట్టల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టడం మేలు.
- ఒకే ముక్క రికర్వ్: తాడు తీయగానే కొనలు వెనక్కి బాగా తిరుగుతాయి. నాలుగు అంగుళాల పైపులో పట్టదు. బలవంతంగా దూర్చొద్దు, పెట్టె వాడండి.
- కాంపౌండ్: దీనికి పైపు వద్దు. చక్రాలు, కేబుళ్లు ఉంటాయి. దీని తాడును ఇంట్లో తీయడానికి ప్రయత్నించడం ప్రమాదం. హార్డ్ కేసే వాడాలి.

కొలత ఎలా తీసుకోవాలి?

ముందు తాడు తీయండి. ఎక్కించిన విల్లును ఎప్పుడూ పార్సిల్ చేయొద్దు. రోజుల తరబడి వంగి ఉంటే విల్లు బలం తగ్గుతుంది. దారిలో తాడు తెగితే లింబ్ విరిగే ప్రమాదమూ ఉంది. తాడు తీసేటప్పుడు కాలు అడ్డంపెట్టి వంచకుండా, దానికోసమే ఉండే స్ట్రింగర్ తాడు వాడండి. కాలు అడ్డం పెడితే లింబ్ మెలి తిరుగుతుంది.

ఇప్పుడు విల్లును నేల మీద పక్కకు పడుకోబెట్టి గోడకు ఆనించండి. గోడ నుంచి బయటికి ఎక్కువగా వచ్చిన చోటు వరకు ఎంత దూరం ఉందో చూడండి. అదే లోతు. తర్వాత విల్లు వెడల్పు కొలవండి. పైపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఈ రెండూ విడివిడిగా సరిపోతే చాలదు, ఐమూలగా కూడా పట్టాలి.

ఉదాహరణకు విల్లు పొడవు 168 సెం.మీ., లోతు 6 సెం.మీ., వెడల్పు 4 సెం.మీ. అనుకుందాం. ఐమూల కొలత సుమారు 7.2 సెం.మీ. వస్తుంది. 110 మి.మీ. డ్రైనేజీ పైపు (షాపులో నాలుగు అంగుళాల పైపు అంటారు) లోపలి వెడల్పు దాదాపు 10.5 సెం.మీ. అంటే చుట్టూ ఒకటిన్నర సెం.మీ. స్పాంజికి చోటు మిగులుతుంది. 75 మి.మీ. పైపు తీసుకుంటే విల్లు పైపు గోడలకు ఒరుసుకుంటుంది.

పొడవులో రెండు వైపులా 5 సెం.మీ. చొప్పున కలపండి. 168కి 10 కలిపితే 178. మూతలతో కలిపి సుమారు 180 సెం.మీ., అంటే దాదాపు ఆరడుగులు.

ఆ పొడవును ఎవరు తీసుకుంటారు?

చాలామంది పైపు అంతా తయారుచేసి, బిగించి, కౌంటర్ దగ్గరికి వెళ్లాక 'ఇంత పొడుగు తీసుకోం' అనిపించుకుని వెనక్కి వస్తారు. అందుకే పైపు కోయకముందే ఈ లెక్కలు చూసుకోండి.

పోస్టాఫీసు: పార్సిల్‌కు పొడవు మీదే కాదు, పొడవు, చుట్టుకొలత కలిపిన మొత్తం మీద కూడా పరిమితి ఉంటుంది. మన ఉదాహరణలో చుట్టుకొలత సుమారు 35 సెం.మీ., మొత్తం 215 సెం.మీ. సర్వీసును బట్టి పరిమితి మారుతుంది. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసుకుని వెళ్లి అడిగితే కౌంటర్లో వెంటనే చెప్పగలరు. పార్సిల్‌కు బీమా చేయించే వీలుందేమో కూడా అక్కడే అడగండి.

కొరియర్: చాలా సంస్థలు అసలు బరువు, పరిమాణం ప్రకారం లెక్కేసిన బరువు రెండూ చూసి, ఏది ఎక్కువైతే దానికి చార్జి వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెం.మీ.లో గుణించి 5,000తో భాగించడం సాధారణ పద్ధతి. మన పైపుకు 180×11×11 లెక్కన సుమారు 4.4 కిలోలు వస్తుంది. అదే విల్లును 180×30×15 సెం.మీ. అట్టపెట్టెలో పెడితే 16.2 కిలోల చార్జి పడుతుంది. పైపు వల్ల డబ్బు మిగిలేది ఇక్కడే.

రైలు: సాధారణంగా బోగీలోకి తీసుకెళ్లే పెట్టె కొలత 100×60×25 సెం.మీ. మించకూడదు. థర్డ్ ఏసీ, ఏసీ చైర్‌కార్‌లలో ఇది 55×45×22.5 సెం.మీ. మాత్రమే. ఆరడుగుల పైపు ఈ కొలతలు దాటుతుంది కాబట్టి లగేజీ ఆఫీసులో బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో పంపాలి. రైలు బయల్దేరడానికి కనీసం 30 నిమిషాల ముందే సరుకు అక్కడ ఉండాలి. ఇంకో ముఖ్య విషయం: బుకింగ్ సమయంలో వస్తువు విలువ చెప్పి, దానికి అదనపు చార్జి కట్టకపోతే, నష్టం జరిగినప్పుడు రైల్వే బాధ్యత కిలోకు రూ. 100 వరకే. మూడు కిలోల పార్సిల్‌కు రూ. 300. విల్లు ఖరీదు ఎంతైనా సరే.

విమానం: విల్లు, బాణాలు క్యాబిన్‌లోకి అనుమతించరు. చెక్-ఇన్ లగేజీలోనే ఇవ్వాలి. చాలా విమానసంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెం.మీ. దాటితే పెద్ద సైజు లగేజీగా చూస్తాయి. మన పైపు మొత్తం 202 సెం.మీ. అందుకే టికెట్ తీసుకునేటప్పుడే క్రీడా సామగ్రి ఉందని చెప్పి, పొడవు నమోదు చేయించండి. చిన్న ఏటీఆర్ విమానం అయితే ఇది మరీ ముఖ్యం. లింబ్‌లు మాత్రమే పెట్టిన 75 సెం.మీ. పైపుకు ఈ ఇబ్బంది లేదు.

ఆర్టీసీ కార్గో: బస్‌స్టేషన్ కౌంటర్లో పొడవు చెప్పి, పైపును పడుకోబెట్టి తీసుకెళ్తారా, నిలబెడతారా అని అడగండి. పైన బరువు వేయొద్దని రాయించండి.

తయారీ ఇలా

1. పైపు కొనడం: 10 అడుగుల (3 మీటర్ల) పైపు తీసుకుంటే విల్లుకు 178 సెం.మీ. పోగా 120 సెం.మీ. పైగా మిగులుతుంది. దాన్ని బాణాల గొట్టానికి వాడుకోవచ్చు. 110 మి.మీ. పైపు ఆరడుగుల ముక్క సుమారు 2 కిలోలు ఉంటుంది.

2. కోయడం: పైపు చుట్టూ కాగితం చుట్టి, దాని అంచు వెంబడి గీత గీసి హ్యాక్సాతో కోయండి. అంచులను ఉప్పుకాగితంతో రుద్దండి. లోపలి పొడి కడిగి, బాగా ఆరబెట్టండి.

3. ఒక వైపు మూత: ఒక కొనకే పీవీసీ గమ్ము రాసి ఎండ్ క్యాప్ బిగించండి. ఒక రోజంతా తెరిచి ఉంచండి. గమ్ము ఆవిరి పోకముందే విల్లు పెడితే దాని పాలిష్ పాడవుతుంది.

4. రెండో వైపు మూత: దీనికి గమ్ము వద్దు. చేత్తో తిప్పి తెరిచే మూత దొరికితే అదే మంచిది. విమానాశ్రయంలో, పార్సిల్ ఆఫీసులో తెరిచి చూపించమంటారు. తెరవలేకపోతే కోయాల్సి వస్తుంది, లేదా పార్సిల్ ఆగిపోతుంది. మామూలు క్యాప్ అయితే దాన్ని తొడిగి, చుట్టూ గట్టి టేపు వేయండి. స్క్రూలు బిగిస్తే వాటి మొనలు లోపలికి పొడుచుకు రాకుండా చూసుకోండి.

5. కొనలకు స్పాంజి: విల్లులో ముందు విరిగేది తాడు తగిలించే కొనే. పైపు నిలువుగా కింద పడితే దెబ్బంతా దానికే తగులుతుంది. గట్టి స్పాంజిని గుండ్రంగా కోసి, రెండు మూతల లోపలా 5 సెం.మీ. మందాన పెట్టండి. థర్మోకోల్ ఒక్క దెబ్బకే నలిగిపోతుంది, దాన్ని వాడొద్దు.

6. విల్లును చుట్టడం: ముందు మెత్తటి నూలు బట్ట. దానిపై పాత యోగా మ్యాట్ ముక్కలు, లేదా ఏసీ పైపులకు తొడిగే నల్ల ఫోమ్. పిడి దగ్గర, ప్రతి లింబ్ మధ్యలో, కొనల దగ్గర వీటిని చుట్టండి. పైపులో విల్లు కాస్త బిగువుగా జారాలి. బలంగా తోయాల్సి వస్తే ఒక పొర తీసేయండి.

7. దొర్లకుండా: గుండ్రటి పైపు లారీలో దొర్లిపోతుంది. రెండు కొనల దగ్గరా చదరపు ప్లైవుడ్ ముక్కను గానీ, రెండు చెక్క పట్టీలను గానీ కట్టండి. అయితే చార్జీ లెక్కకు వెడల్పును ఆ చెక్కతో కలిపి కొలుస్తారని గుర్తుంచుకోండి.

బాణాలు వేరుగా

బాణాలను విల్లుతో ఒకే పైపులో పెట్టొద్దు. కదిలితే మొనలు విల్లును గీరుతాయి, ఈకలు నలుగుతాయి. మిగిలిన పైపు నుంచి బాణం పొడవుకు 10 సెం.మీ. కలిపి ముక్క కోయండి. గుండ్రటి స్పాంజికి రంధ్రాలు చేసి, మొనలను అందులో గుచ్చండి. మొనలు ఉన్న వైపును బయట బాణం గుర్తుతో చూపించండి.

పంపే ముందు రెండు పరీక్షలు

మొదట విల్లు బదులు అదే పొడవున్న వెదురు కర్రను చుట్టి పైపులో పెట్టండి. నడుము ఎత్తు నుంచి ఒకసారి పక్కకు, ఒకసారి నిలువుగా పడేయండి. తెరిచి చూస్తే స్పాంజి ఎక్కడ జారిందో తెలుస్తుంది.

తర్వాత విల్లు పెట్టి, మూసి, చెవి దగ్గర ఊపండి. టక్ టక్ అని శబ్దం వస్తే ఇంకా ఖాళీ ఉన్నట్టే. చప్పుడు లేకపోతేనే పంపండి.

ఎండ, తేమ: ఇవి కూడా శత్రువులే

మే నెల ఎండలో మూసిన కారు డిక్కీ, టెర్రస్ మీది గది, ఈ రెండు చోట్లా పైపును ఉంచొద్దు. అతికించిన పొరలున్న విల్లుకు వేడి తగిలితే జిగురు సడలుతుంది. వానలో తడిసిన విల్లును ఆరకుండా పైపులో మూసేస్తే వెదురుకు బూజు పడుతుంది. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు లోపల వేయండి. గమ్యం చేరగానే విల్లు బయటికి తీయండి. పైపు ప్రయాణానికే తప్ప, నెలల తరబడి దాచడానికి కాదు.

చీటీ మీద ఏం రాయాలి?

పంపేవారి, అందుకునేవారి పేరు, చిరునామా, ఫోన్ నంబరు బయట ఒకటి, లోపల ఒకటి పెట్టండి. బయటి చీటీ ఊడిపోయినా లోపలిది ఉంటుంది. 'క్రీడా సామగ్రి, విల్లు, బాణాలు లేవు' అని స్పష్టంగా రాయండి. టోర్నీకి వెళ్తుంటే ఎంట్రీ కాగితమో, కోచ్ ఇచ్చిన లేఖో వెంట ఉంచుకోండి. ఎవరైనా అడిగితే వాదన లేకుండా పని అవుతుంది.

మూసే ముందు విల్లు ఫొటోలు, పైపు ఫొటోలు తీయండి. అందుకునేవారు డెలివరీ మనిషి ముందే తెరుస్తూ వీడియో తీస్తే నష్టపరిహారం అడగడానికి ఆధారం ఉంటుంది.

చివరిగా ఒక మాట. టోర్నీ ముందురోజు విల్లు విరిగితే ఆ పిల్లల ఏడాది కష్టం వృథా అవుతుంది. కొత్త విల్లు కొన్నా, చేతికి అలవాటు పడటానికి వారాలు పడుతుంది. అందుకే ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే పైపు సిద్ధం చేసుకోండి. ముందు కొలత, తర్వాత కౌంటర్లో మాట, ఆ తర్వాతే హ్యాక్సా.