పగిలే కాయను పిందెలోనే పట్టేశాం!

నిరుడు జులైలో ఓ రాత్రి పెద్ద వాన పడింది. తెల్లారేసరికి నల్గొండ దగ్గర మా ఊరి నుంచి నాయిన ఫోన్. ‘మళ్లీ పలిగినయ్ రా’ అన్నాడు, అంతే.

బత్తాయి తోట ఉన్నవాళ్లకు ఆ మాట చాలు. కోతకు నెల ముందు కాయ అడుగున నోరు తెరుస్తుంది. మంచి కాయలకే సూట్ పేరుతో తూకంలో కోత పెట్టే వ్యాపారి, పగిలినవాటిని ముట్టుకోడు.

ఎండాకాలం నీళ్లు చాలక తొక్క బిగుసుకుంటుంది. ఒక్కసారిగా వాన పడితే లోపల తొనలు ఉబ్బుతాయి, తొక్క సాగలేక చీలిపోతుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. మరి ఒకే కొమ్మకు ఉన్న రెండు కాయల్లో ఒకటే ఎందుకు పగులుతోంది?

నావెల్ నారింజ, మాండరిన్ రకాల మీద విదేశాల్లో చేసిన పరిశీలనల గురించి చదివాను. గుండ్రటి కాయల కన్నా అణిగినట్టున్న కాయలే ఎక్కువ పగులుతాయట. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా నేను చదివింది మెకానికల్. వెంటనే గ్యాస్ సిలిండర్ గుర్తొచ్చింది. దాని పైభాగం, అడుగు ఉబ్బెత్తుగా ఉండేది ఒత్తిడిని తట్టుకోవడానికే. లోపలి ఒత్తిడి ఒకటే అయినా, బల్లపరుపుగా ఉన్నచోట గోడ మీద భారం ఎక్కువ. కాయ అడుగున తొక్క కూడా పలచనైతే ఇక చెప్పేదేముంది!

ఈ ఏడాది మే నెలలో, కాయలు నిమ్మకాయంత ఉన్నప్పుడు, వెర్నియర్ కాలిపర్‌తో తోటలోకి దిగాను. ఎత్తు కన్నా వెడల్పు బాగా ఎక్కువున్నవాటిని, అదీ గుత్తుల్లోనే, తెంపడం మొదలుపెట్టాను.

‘బతికిన కాయను చేతులార తెంపుతవా?’ నాయిన కసిరాడు.

‘అవి ఎట్లాగూ పలుగుతయ్ నాయినా. వాటికి పోయే బలం పక్క కాయకు పోనీ.’

చివరికి పది చెట్లకు ఒప్పుకున్నాడు. మధ్యాహ్నానికల్లా నా కొలతలు చూసి విసిగిపోయి తనే తెంపసాగాడు. కింద పెడితే దొర్లకుండా కూర్చునేవాటికి ‘పీటకాయలు’ అని పేరు కూడా పెట్టాడు. అనుమానం వచ్చి కొన్నింటిని కొలిచాను. ఆయన కన్ను తప్పలేదు.

ఈసారి వానల తర్వాత పక్క వరస కింద పగిలిన కాయలు బుట్ట నిండా వచ్చాయి. మా పది చెట్ల కింద సగం బుట్టే. ఒక్క సీజన్‌తో ఇదే మందు అనలేను. డ్రిప్‌తో క్రమం తప్పకుండా తడి ఇవ్వడం, పాదుల్లో ఎండుగడ్డి పరచడం మానకూడదు. మీరూ చేయాలనుకుంటే ముందు నాలుగైదు చెట్ల మీదే చేసి చూడండి.

మొన్న హైదరాబాద్ బస్సెక్కుతుంటే నాయిన అన్నాడు: ‘వచ్చే ఎండాకాలం తోటంతా చేద్దాం. నువ్వు రా, ఆ కొలిచేది మాత్రం తేకు.’