కలిసి చదివిన పాఠము

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు అక్షరములు కూడబలుకుకొనుటకే ఓపిక చాలదు. ఇక అర్థము మాట ఎక్కడిది? పెద్దలు బిగ్గఱగా చదువుచుండ వినినచో ఆ శ్రమ తప్పి, మనస్సు విషయము వంకకు తిరుగును. ప్రకృతిశాస్త్రమునకు ఈ పద్ధతి మిక్కిలి అనుకూలమని మా తలంపు.

మొయినాబాదు, చేవెళ్ళల మీదుగా పోవు బీజాపూరు రహదారి కిరుప్రక్కల వందలాది మఱ్ఱిచెట్లు గలవు. దారిని వెడల్పు చేయు యత్నములు వచ్చినప్పటినుండి వానిని నిలుపవలెనని పలువురు పోరాడిరి. పిల్లలకు చూపవలసినది ఇపుడే.

చెట్లను గూర్చిన పాఠము చదువుచు, పువ్వు కాయ యగునన్న చోట ఆగి చూడుడు. "మఱ్ఱికి పువ్వేదీ?" అని చిన్నవాడడుగును. మనలో పలువురము మఱ్ఱి పూయదనియే నమ్మితిమి! జవాబు చెప్పక ఒక పచ్చికాయను కోసి చూపుడు. లోపలిగోడ నంటి కిక్కిరిసియున్నవే పూవులు. కొనయందలి సన్నని రంధ్రముగుండ ఆవగింజంత కందిరీగజాతి పురుగు లోనికి జొచ్చి, పుప్పొడిని చేర్చి, అందే గ్రుడ్లు పెట్టును. ఆ పురుగు లేనిదే మఱ్ఱికి విత్తు లేదు. మఱ్ఱి లేనిదే ఆ పురుగునకు సంతానము లేదు.

పిమ్మట అదే పుట మరల చదువుడు. ఈ మాఱు వాడే మనకు వివరించును. చదువురాని అవ్వ ప్రక్కనున్నచో మఱింత మేలు. ఊడ నేలనంటి మానుగా లావెక్కుట ఆమె కన్నులార చూచియుండును.

కాయ కోయునపుడు కత్తి పెద్దలే పట్టవలెను. కారిన పాలు చేతికి జిగురుగా అంటును, వెంటనే కడుగుకొనవలెను.