అభ్రకపు పొర

సర్క్యూటు బోర్డును లోహపు పెట్టెలో బిగించునపుడు, అడుగుభాగమున ముళ్లవలె పొడుచుకొని వచ్చిన టంకపు మొనలు పెట్టెను తాకకుండుటకై నాలుగు మూలల నైలాను స్తంభములను నిలిపినచో చాలును. నడుమనున్న గాలి మిల్లీమీటరునకు సుమారు 3,000 వోల్టుల నాపగలదు. పవర్ ట్రాన్సిస్టరుకు ఈ ఉపాయము పనికిరాదు. పెట్టెకు దూరముగ నుంచిన అది వేడికి మాడిపోవును, తాకించిన షార్టగును. ఏలయన ఆంప్లిఫయర్లలో మనమెల్లరము చూచిన 2ఎన్3055 వంటి వానిలో, వేడి సులువుగ దిగుటకై సిలికాను ముక్కను లోహపు పీఠముపైననే అతికింతురు గనుక, ఆ పీఠమంతయు కలెక్టరే యగుచున్నది. అందుచే పీఠమునకును పెట్టెకును నడుమ అభ్రకపు రేకు నుంచుదురు.

వేడిని పోనిచ్చి విద్యుత్తును మాత్రమాపు పదార్థ మెట్లుండునని ఒక విద్యార్థి నన్నడిగెను. చక్కని ప్రశ్న! లోహములలో ఆ రెంటిని మోయునవి ప్రధానముగ స్వేచ్ఛా ఎలక్ట్రానులే. అందుచేతనే ఒకే ఉష్ణోగ్రత వద్ద వాని ఉష్ణవాహకతకును విద్యుద్వాహకతకును గల నిష్పత్తి అన్ని లోహములకును దాదాపు ఒక్కటిగ నుండునని 1853లో వీడెమన్, ఫ్రాంజ్ అను జర్మనులు కనుగొనిరి. అభ్రకములో స్వేచ్ఛా ఎలక్ట్రానులు లేవు; అచట పరమాణువుల కంపనమే వేడిని ఒక వరుసనుండి మరియొక వరుసకు అందించును. నిజమునకు ఆ పని అది గొప్పగ చేయదు, రాగితో పోల్చిన వందల రెట్లు హీనము. దాని మహిమ యంతయు పలుచదనములోనే కలదు. సిలికేటు పొరల నడుమ పొటాషియం అయానుల బంధము బలహీనమగుటచే, గోటితో విడదీసినను అద్దమువలె నునుపైన రేకు లేచివచ్చును, 0.05 మిల్లీమీటరు రేకు వేడికి స్వల్పమైన అడ్డే యయ్యును, కొన్ని వేల వోల్టులను నిలువరించును. మన గూడూరు ప్రాంతపు గనులలోని పచ్చ చాయ గల అభ్రకము ఈ జాతిదే.

అయినను రేకు నుంచుటతో పని తీరదు. మరలు తామే వంతెనయై విద్యుత్తును దాటింపగలవు గనుక వానికి అంచుగల ప్లాస్టిక్ బుష్షులు తొడుగవలెను. రేకునకు ఇరువైపుల చిక్కుకొన్న గాలి, అభ్రకముకంటె ఇరువది రెట్లు అధమ ఉష్ణవాహకము, తొలగుటకై తెల్లని సిలికోను గ్రీజును పలుచగ పూయవలెను. రంధ్రము తొలిచిన చోట అంచున మిగిలిన సన్నని అల్యూమినియపు ముల్లును గీకివేయకున్న, మర బిగియగనే అది రేకును పొడుచును. మల్టీమీటరు కూత పెట్టును. వేరొక సంగతి: పీఠము, అభ్రకము, పెట్టె కలిసి ఒక కెపాసిటరగును. ధ్వనియంత్రములలో దీనివలన బాధ లేదుగాని, సెకనుకు లక్ష సార్లు స్విచ్చి యగు పవర్ సప్లయిలలో విద్యుత్తు ఆ మార్గమున పెట్టెలోనికి జారుచుండును.

తరువాత పాలిఇమైడు పొరలు, సిలికోను రబ్బరు ప్యాడ్లు, అల్యూమినా పలకలు వచ్చినవి, ఎల్.ఇ.డి. బల్బులలో బోర్డే అల్యూమినియము పలకయై, రాగి గీతలక్రింది పలుచని రెజిను పొర ఈ కార్యమును నెరవేర్చుచున్నది. వానిలో రబ్బరు ప్యాడ్లు బిగించుటకు సులువు, గ్రీజు మరక లుండవు. ఐనను నా మనస్సు అభ్రకమువైపే మొగ్గును: చిరుగక యూడివచ్చిన రేకును తుడిచి, క్రొత్త గ్రీజు పూసి, మరల వాడుకొనవచ్చును, 500 డిగ్రీల వేడియందైనను అది చెక్కుచెదరదు.