తర్క ద్వారంలో ఏ డయోడు వహిస్తుంది? – ఊహాపరీక్ష, తెలుగు వాక్యం

వ్యాస సంగ్రహం: డయోడులతో నిర్మించిన తర్క ద్వారంలో ఏ డయోడు వహన స్థితిలో ఉందో నిర్ణయించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ పద్ధతికి న్యాయశాస్త్రంలోని తర్కంతో దగ్గరి పోలిక ఉందని, దానిని తెలుగులో బోధించేటప్పుడు చేదర్థక వాక్యాన్ని వదులుకోరాదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: డయోడు, తర్క ద్వారం, పురోశక్మం, ఊహ, చేదర్థకం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాద్ పాతబస్తీలో విజ్ఞానశాస్త్రం చదివే విద్యార్థి చుట్టూ తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. శాస్త్రాన్ని దేశభాషలో చెప్పే ప్రయత్నం ఈ నగరానికి కొత్త కాదు. 1917లో ఏర్పడిన దారుత్తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి తెలుగులో పాఠ్యపుస్తకాలను, పారిభాషిక పదకోశాలను ప్రచురించింది. ఫార్వర్డ్ బయాస్ పురోశక్మం అయింది. రివర్స్ బయాస్ తిరోశక్మం అయింది. లాజిక్ గేటు తర్క ద్వారం అయింది. అయితే పదంపై పెట్టినంత శ్రద్ధ మనం వాక్యంపై పెట్టలేదని నా అభిప్రాయం.

'ద్వారం' అనగానే పాతబస్తీలో మనసుకు తోచేది దర్వాజా. నగర ప్రాకారం కనుమరుగైనా దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. దర్వాజా తెరిస్తే రాకపోకలు సాగుతాయి, మూస్తే ఆగుతాయి. ఆ బింబాన్నే పట్టుకున్న విద్యార్థి 'డయోడు వహిస్తే నిర్గమం 1, వహించకపోతే 0' అని తేల్చేస్తాడు. ఆండ్ ద్వారంలో ఇది పూర్తిగా తలకిందులు.

2. ఆండ్ ద్వారం: నాలుగు ఊహలు

క, చ అనే రెండు డయోడుల ఆనోడులను ఒకే బిందువు వద్ద కలుపుదాం. ఆ బిందువే నిర్గమం. దానిని 1 కిలో ఓమ్ నిరోధం ద్వారా 5 వోల్టుల సరఫరాకు కలుపుదాం. కాథోడులే నివేశాలు. వహిస్తున్న సిలికాన్ డయోడు చివరల మధ్య సుమారు 0.7 వోల్టు ఉంటుందని, వహించని డయోడులో ప్రవాహం సున్నా అని తీసుకుందాం. ఇప్పుడు క నివేశానికి 0, చ నివేశానికి 5 వోల్టులు ఇచ్చాం. ఏ డయోడు వహిస్తుంది?

రెండూ వహిస్తే, క డయోడు ప్రకారం నిర్గమం 0.7 వోల్టు కావాలి, చ డయోడు ప్రకారం 5.7 వోల్టులు కావాలి. ఒక బిందువుకు ఒకే సమయంలో రెండు పొటెన్షియళ్లు ఉండవు. రెండూ వహించకపోతే నిరోధంలో ప్రవాహం ఉండదు, కాబట్టి నిర్గమం 5 వోల్టులు అవుతుంది. అప్పుడు క డయోడుపై 5 వోల్టుల పురోశక్మం ఉన్నా అది వహించడం లేదనవలసి వస్తుంది. చ మాత్రమే వహిస్తే నిర్గమం 5.7 వోల్టులు, ప్రవాహం నిర్గమం నుంచి సరఫరా వైపు, అంటే డయోడులో ఎదురు దిశలో సాగాలి. అదీ అసంభవమే.

మిగిలింది క మాత్రమే వహించడం. అప్పుడు నిర్గమం 0.7 వోల్టు, నిరోధంలో ప్రవాహం 4.3 మిల్లీ ఆంపియర్లు, దిశ సరైనదే. చ డయోడుపై 4.3 వోల్టుల తిరోశక్మం ఉంది, కనుక అది వహించదు. ఎక్కడా విరోధం లేదు.

రెండు నివేశాలూ 0 అయితే రెండు డయోడులూ వహిస్తాయి, నిర్గమం 0.7 వోల్టే. రెండూ 5 వోల్టులైతే ఏ డయోడూ వహించదు, నిర్గమం 5 వోల్టులు. అంటే రెండూ మూసుకున్నప్పుడే 1 వస్తుంది. ఇక్కడ దర్వాజా కంటే చెరువు తూము మంచి పోలిక. మీర్ ఆలం చెరువు వంటి ఒక చెరువుకు రెండు తూములున్నాయనుకుంటే, రెండూ మూసినప్పుడే చెరువు నిండుతుంది. ఒక్కటి తెరిచినా నీటిమట్టం పడిపోతుంది. నిరోధం చెరువులోకి నీరు తెచ్చే సన్నని కాలువ. ఆర్ ద్వారంలో డయోడులు తిరగబడి ఉంటాయి, నిరోధం భూమికి కలిసి ఉంటుంది. దర్వాజా పోలిక అక్కడ బాగానే పనిచేస్తుంది.

3. ఇది ఏ అర్థంలో తర్కం?

ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహం తర్కాన్ని ఒక ఆరోపంగా నిర్వచించింది. వ్యాప్యాన్ని ఆరోపించి, దానివల్ల వ్యాపకాన్ని ఆరోపించడం తర్కం. నిప్పు లేకపోతే పొగ కూడా ఉండకూడదు అన్నది ప్రసిద్ధ ఉదాహరణ. పొగ కంటికి కనబడుతోంది, కాబట్టి నిప్పు లేదన్న ఊహ నిలవదు. పై మూడు ఊహలను మనం తోసిపుచ్చిన తీరు ఇదే. ఒక తేడా మాత్రం ఉంది: నైయాయికుడికి తాను ఆరోపిస్తున్నది అసత్యమని ముందే తెలుసు; వలయాన్ని పరిశీలించేవాడికి తెలియదు.

అన్నంభట్టు తర్కాన్ని సంశయ, విపర్యయాలతో పాటు అయథార్థానుభవంలో చేర్చాడు. తరగతిలో ఈ విషయం చాలా పనికి వస్తుంది. తప్పని తేలబోయే ఊహను జవాబు పత్రంలో రాయడానికి విద్యార్థులు భయపడతారు. ఊహ యథార్థజ్ఞానం కాదని, అయినా ప్రమాణానికి సాయపడుతుందని శాస్త్రమే ఒప్పుకుందని చెబితే ఆ భయం కొంత తగ్గుతుంది.

4. చేదర్థకం

'క డయోడు పురోశక్మంలో ఉన్నందువల్ల వహిస్తుంది' అని పాఠం చెప్పడం పరిపాటి. ఈ వాక్యం తప్పు కాదు, కానీ హేతువును ముందే సిద్ధంగా అందిస్తుంది. నిర్గమ పొటెన్షియల్ తెలియకుండా పురోశక్మమని చెప్పలేం. ఏ డయోడు వహిస్తుందో తెలియకుండా నిర్గమ పొటెన్షియల్ చెప్పలేం. ఈ అన్యోన్యాశ్రయాన్ని ఛేదించేది 'వహిస్తే', 'వహించకపోతే' అనే రూపాలే. తెలుగులో ఒక్క ప్రత్యయంతో అయిపోయే పని ఇది. దానిని వదిలి 'ఉన్నందువల్ల' అని రాసినప్పుడు విద్యార్థికి కంఠస్థం చేయడం తప్ప దారి ఉండదు.

ఊహాపరీక్ష తీర్పు చెప్పలేని చోటు కూడా ఒకటుంది. పై ఆండ్ ద్వారం నిర్గమాన్ని మరో డయోడు ద్వారా ఆర్ ద్వారానికి కలిపామనుకుందాం. ఆ ఆర్ ద్వారం నిరోధం భూమికి కలిసి ఉంది, దాని మిగతా నివేశాలు 0లో ఉన్నాయి. క నివేశం 0 అయినప్పుడు కొత్త డయోడు ఆనోడు వద్ద 0.7 వోల్టు ఉంటుంది. అది వహించదంటే దానిపై సరిగ్గా 0.7 వోల్టు ఉంది. వహిస్తుందంటే దానిలో ప్రవాహం సున్నా. రెండు ఊహలూ నిలుస్తాయి, చివరి నిర్గమం రెండింటిలోనూ 0 వోల్టే. నిజమైన డయోడుకు 0.7 వద్ద గీత ఏదీ లేదు. ప్రవాహం పొటెన్షియల్‌తో పాటు ఘాతీయంగా పెరుగుతుంది, కాబట్టి కొద్దిపాటి ప్రవాహం ఆ డయోడులోకీ వెళుతుంది. ఇక్కడ 'వహిస్తుందా, వహించదా' అన్న ప్రశ్నను పక్కన పెట్టి 'ఎంత వహిస్తుంది' అని అడగాలి.