క్షయ కారకాలను అణుస్థాయిలో వేరుచేయడం

క్షయకు కారణం ఏమిటని అడిగితే మైకోబాక్టీరియమ్ ట్యుబర్‌కులోసిస్ అని రాస్తారు. ఆ జవాబు తప్పు కాదు, కాని దానికి దగ్గరి బంధువులున్నాయి. పశువులకు క్షయ కలిగిస్తూ మనుషులకూ సోకే మై. బోవిస్, దాని నుంచే తయారైన బి.సి.జి. టీకా జీవి వాటిలో ముఖ్యమైనవి. వీటన్నిటినీ కలిపి ట్యుబర్‌కులోసిస్ సంకీర్ణం అంటారు. వీటి డీఎన్ఏ శ్రేణులు 99.9 శాతానికి పైగా ఒకటే.

మరి విడదీయడం ఎందుకు? చికిత్స కోసం. మొదటి రెండు నెలలు ఇచ్చే నాలుగు మందులలో పైరజినమైడ్ ఒకటి. ఇది మై. బోవిస్‌పై పనిచేయదు. ఆ జీవిలో ఒక జన్యువులోని ఒక్క బేస్ మారడం వల్ల, మందును క్రియాశీల రూపంలోకి మార్చే ఎంజైమ్ నిరుపయోగమైంది. రోగనిరోధక శక్తి పుట్టుకతోనే లోపించిన శిశువులో బి.సి.జి. జీవి శరీరమంతా వ్యాపిస్తే అక్కడా ఇదే చిక్కు. ప్రభుత్వ ఆసుపత్రులలో చేసే సీబీనాట్ పరీక్ష సంకీర్ణాన్ని గుర్తిస్తుంది, రిఫాంపిసిన్ నిరోధకతను చెబుతుంది. సంకీర్ణంలో ఏ జీవి అన్నది చెప్పదు.

వర్ధనం చేసి జీవరసాయన పరీక్షలు జరపవచ్చు గాని వారాలు పడుతుంది. బాక్టీరియాల గుర్తింపులో పేరుపొందిన 16ఎస్ ఆర్ఎన్ఏ జన్యువు ఇక్కడ అక్కరకు రాదు, సంకీర్ణమంతటా అది ఒకటే. ఐఎస్6110 అనే డీఎన్ఏ ఖండం ప్రతులను లెక్కించడం మరో మార్గం. చాలా ప్రాంతాల మై. ట్యుబర్‌కులోసిస్‌లో అవి అనేకం, మై. బోవిస్‌లో సాధారణంగా ఒకటి. అయితే చెన్నై రోగుల నుంచి సేకరించిన మై. ట్యుబర్‌కులోసిస్‌లో చాలావాటికి ఒక్క ప్రతే కనిపించింది, కొన్నిటిలో అసలు లేదు. కనుక దక్షిణాదిలో ఈ లెక్కను నమ్ముకోలేం.

నమ్మదగినవి లోపించిన ఖండాలు. ఆర్‌డి9 అనే ఖండం మై. ట్యుబర్‌కులోసిస్‌లో ఉంటుంది, మై. బోవిస్‌లో ఉండదు. ఆర్‌డి4 కూడా అంతే. కాల్మెట్, గెరాన్ 1908 నుంచి 1921 వరకు మై. బోవిస్‌ను పదేపదే వర్ధనం చేసిన క్రమంలో ఆర్‌డి1 కూడా పోయింది. అందుకే అది బి.సి.జి.లో లేదు. ఆర్‌డి9 లేకుండా ఆర్‌డి4 ఉంటే, అది ఇదే సంకీర్ణంలోని మై. ఆఫ్రికానమ్ వంటి వేరే జీవి.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. "జెల్‌లో బ్యాండు రాలేదు కాబట్టి ఖండం లేదు" అని చాలామంది రాస్తారు. ఆ వాక్యానికి నేనైతే మార్కులు వేయను. డీఎన్ఏ సరిగా రాకపోయినా, పిసిఆర్ విఫలమైనా బ్యాండు రాదు. అందుకే మూడు ప్రైమర్లు వాడతారు: రెండు ఖండానికి అటూ ఇటూ, ఒకటి ఖండం లోపల. ఖండం ఉంటే లోపలి ప్రైమర్, బయటి ప్రైమర్లలో ఒకదానితో జతకట్టి ఒక పొడవు బ్యాండునిస్తుంది. ఖండం లేకపోతే బయటి రెండూ దగ్గరై మరో పొడవు బ్యాండునిస్తాయి. ఏదీ రాకపోతే పరీక్ష మళ్లీ చేయాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒక నమూనాలో ఆర్‌డి9, ఆర్‌డి4 లేవు, ఆర్‌డి1 ఉంది. అది ఏ జీవి? ఆ రోగికి పైరజినమైడ్ ఉపయోగపడుతుందా?